బాండ్ చిత్రాల్లో ఏది ముందు చూడాలి: విలన్ అనుచరుణ్ణి బట్టి ఎంపిక

జేమ్స్ బాండ్ చిత్రాలు ఇప్పటిదాకా చూడనివారు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, తిరుపతిలో ఎవరైనా ముందుగా చెప్పేది ఒక నటుడి పేరే. అరవై దాటినవారు షాన్ కానరీ అంటారు. వీడియో క్యాసెట్ల కాలంలో పెరిగినవారు రోజర్ మూర్‌ను వదలరు. యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే పిల్లలకు డేనియల్ క్రెయిగ్ తప్ప మిగిలినవాళ్లు బాండ్‌లే కారు. 1966లో ‘గూఢచారి 116’లో కృష్ణను చూసి మురిసినవారైతే మనకు ఇంగ్లిషు బాండ్ ఎందుకని కూడా అడుగుతారు గానీ, ఆ వాదనలోకి ఇక్కడ దిగడం లేదు.

1962 నాటి ‘డాక్టర్ నో’ మొదలుకొని 2021 నాటి ‘నో టైమ్ టు డై’ వరకు ప్రధాన వరుసలో 25 చిత్రాలు వచ్చాయి, ఆరుగురు నటులు బాండ్ పాత్ర వేశారు. నటుణ్ణి బట్టి ఎంచుకోవడంలో ఉన్న చిక్కేమిటంటే, ఒకే నటుడు చేసిన రెండు చిత్రాల మధ్య కూడా పొంతన ఉండదు. ‘మూన్‌రేకర్’ (1979)లో అంతరిక్షానికి వెళ్లి లేజర్ తుపాకుల యుద్ధం మధ్య తిరిగిన మూర్, ఆ వెంటనే వచ్చిన ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ (1981)లో తాడు పట్టుకుని నిటారుగా ఉన్న కొండరాతి మీద జానెడు జానెడుగా పైకి పాకుతాడు. ఇద్దరూ మూరే అయినా ఒకటి నచ్చినవారికి రెండోది నచ్చుతుందని హామీ ఇవ్వలేము. ఈ తగవులను కాస్త ఓపికగా వింటే, మూర్‌ను తేలిగ్గా తీసిపారేసేవారి మనసులో ఉన్నది ఉక్కుపళ్ల జాస్ అని, కానరీని నెత్తిన పెట్టుకునేవారు తలచుకుంటున్నది రైలుపెట్టెలో అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టిన రెడ్ గ్రాంట్‌ను అని తెలిసిపోతుంది. కాబట్టి ముందు మీకు ఎలాంటి అనుచరుడు కావాలో తేల్చుకోండి, చిత్రం దానంతటదే దొరుకుతుంది.

చిత్తూరు జిల్లావాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగి, చివరి రోజున మైదానంలో మట్టితో మలిచి పడుకోబెట్టిన కొండంత దుర్యోధనుడి చుట్టూ వధ ఘట్టం ఆడతారు. భీముడి వేషం కట్టినవాడు ఎంత గొప్పవాడైనా, ఎదుట దుర్యోధనుడు పద్యం బిగించి పాడకపోతే, గద ఎత్తినప్పుడు వెనక్కి తగ్గితే, ఆ ఏడు భారతం చప్పగా సాగిందనే ఊరంతా అంటుంది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది పోరాటంలోని బరువు. ఈ అనుచరుడి చేతిలో బాండ్ నిజంగా చచ్చిపోవచ్చునని ఒక్క క్షణమైనా అనిపించాలా, లేక దెబ్బలాట సరదాగా సాగిపోతే చాలా అన్నది ఎవరికివారు తేల్చుకోవాలి. రెండోది, అనుచరుడికి సొంత బుద్ధి ఎంత ఉన్నదన్నది. యజమాని చావమంటే చచ్చేవాడున్నాడు, ఎందుకని ఒకసారి అడిగేవాడున్నాడు, ఎదురు తిరిగేవాడూ ఉన్నాడు. నా దృష్టిలో బాండ్ చిత్రాల్లోని అసలైన రుచి ఇక్కడే ఉంది, దీన్ని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ.

మూడోది పక్కన ఎవరు కూర్చుంటారన్నది. ఈ చిత్రాలన్నింటిలోనూ శృంగారం ఏదో ఒక పాళ్లలో ఉంటుంది. ‘స్పెక్టర్’ (2015) మన దేశంలో విడుదలైనప్పుడు సెన్సారు బోర్డు ముద్దు సన్నివేశాల నిడివి తగ్గించమన్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాలుగోది భాష. ఇంగ్లిషు అంతగా రాని అమ్మమ్మ కూడా కలిసి చూడాలంటే మాట్లాడని అనుచరుడున్న చిత్రమే మేలు, అతని ఉద్దేశం ముఖంలోనే కనిపిస్తుంది. వరుస సంగతి క్రెయిగ్ దగ్గరికి వచ్చినప్పుడు చెప్పుకుందాం, అంతకు ముందున్నవాటికి ఆ బెడద దాదాపు లేదు.

రెడ్ గ్రాంట్: సమానుడైన శత్రువు

‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ (1963)లో రాబర్ట్ షా పోషించిన గ్రాంట్, చిత్రం సగానికి పైగా నడిచేదాకా బాండ్‌తో ఒక్క మాట కూడా మాట్లాడడు. ఇస్తాంబుల్ వీధుల్లో నీడలా వెంటాడుతుంటాడు. జిప్సీల మకాం మీద దాడి జరిగినప్పుడు బాండ్‌ను చంపబోయినవాణ్ణి దూరం నుంచి కాల్చి అతని ప్రాణం కాపాడుతాడు కూడా, ఎందుకంటే గ్రాంట్ యజమానులు బాండ్ ద్వారా కొట్టేయాలనుకున్న రష్యన్ల సంకేత యంత్రం చేతికి వచ్చేదాకా బాండ్ బతికి ఉండాలి. ఆ తర్వాత ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో బ్రిటిష్ అధికారి వేషంలో, చక్కగా సూటు వేసుకుని, బాండ్ ఎదుటే కూర్చుని భోజనం చేస్తాడు. చేపకు ఎర్ర ద్రాక్షసారా తెప్పించుకుంటాడు. పెద్దింటి మర్యాదలు తెలిసినవాడు అలా చేయడన్నది బాండ్‌కు తట్టినా, దాని అర్థం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. మోకాళ్ల మీద ఉన్న బాండ్ ఆ మాట ఎత్తితే, ఏ సారా తాగాలో నీకు తెలిసి ఉండవచ్చు గానీ మోకాళ్ల మీద ఉన్నది నువ్వే కదా అన్న ధోరణిలో గ్రాంట్ బదులిస్తాడు. ఒక పనివాడు దొరబాబుకు చెప్పిన జవాబది, అందులో కసి ఉంది.

గ్రాంట్‌ను పడగొట్టేది బాండ్ కండబలం కన్నా అతని లోభమే. బంగారు నాణేలున్నాయనగానే పెట్టె తెరుస్తాడు, అందులోని వాయువు ముఖాన కొడుతుంది. అప్పుడు ఇద్దరు మనుషులు తిరగడానికి కూడా చోటు చాలని ఆ రైలుగదిలో మొదలయ్యే కొట్లాటలో నేపథ్య సంగీతం ఉండదు, రైలు చప్పుడు, ఊపిరి చప్పుడు మాత్రమే వినిపిస్తాయి. చివరికి గ్రాంట్ చేతి గడియారంలో దాచుకున్న ఉరితీగే అతని మెడకు చుట్టుకుంటుంది. అరవై ఏళ్లు దాటినా ఈ ఘట్టానికి సాటి వచ్చేది ఈ వరుసలో మరొకటి లేదని నా అభిప్రాయం. చిత్రం నడక మాత్రం నెమ్మది. ఫోను చేతిలో పట్టుకుని చూసేవారికి మొదటి గంట సాగదు, సాగకపోతే తప్పు చిత్రానిది కాదు.

ఆడ్‌జాబ్: మాటలేని విధేయత

‘గోల్డ్‌ఫింగర్’ (1964)లో ఈ పాత్ర వేసిన హెరాల్డ్ సకాటా 1948 లండన్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో రజతం గెలిచినవాడు, తర్వాత కుస్తీ వీరుడు. అంచున ఉక్కు పట్టీ ఉన్న టోపీని విసిరి విగ్రహం తల తెగ్గొడతాడు, గోల్ఫ్ బంతిని పిడికిట్లో నలిపి పొడి చేస్తాడు. బాండ్ బంగారు ఇటుక తీసి గుండెల మీదికి విసిరితే అది తగిలి కింద పడుతుంది, ఆడ్‌జాబ్ చిన్నగా నవ్వుతాడు. పిల్లలు కేరింతలు కొట్టేది అక్కడే.

పెద్దలు గమనించవలసింది వేరే ఉంది. గోల్డ్‌ఫింగర్ తన మనుషులను అణుబాంబుతో సహా ఖజానాలో వదిలి తలుపులు మూయించేస్తాడు. అక్కడున్న మరొక అనుచరుడు ప్రాణభయంతో బాంబును ఆపబోతే ఆడ్‌జాబ్ అతన్ని పైనుంచి విసిరేస్తాడు. తానూ చస్తానని తెలిసి కూడా యజమాని పని చెడకూడదనుకుంటాడు. ఆ విధేయతలో గొప్పతనం ఉందనేవారూ ఉన్నారు, ఒక తూర్పుదేశపువాణ్ణి మాటా ఆలోచనా లేని యంత్రంగా చూపించడం ఆనాటి తెల్లవారి చూపు అనేవారూ ఉన్నారు. రెండోమాటలో న్యాయముంది. ఇదే చిత్రంలో గడ్డి కొట్టంలో బాండ్ ఒక స్త్రీని బలవంతంగా లొంగదీసుకునే సన్నివేశం ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఎదిగిన పిల్లలతో చూస్తే దాని గురించి మాట్లాడడానికి సిద్ధపడి కూర్చోవాలి.

జాస్: అసలు తగవు ఇతని మీదే

‘ది స్పై హూ లవ్డ్ మీ’ (1977), ఆ తర్వాతి ‘మూన్‌రేకర్’, ఈ రెండింటిలోనూ ఏడడుగులకు మించిన రిచర్డ్ కీల్ జాస్‌గా కనిపిస్తాడు. పెద్ద అనుచరుల్లో రెండు చిత్రాల్లో వచ్చినవాడు ఇతనొక్కడే అనవచ్చు. మొదటి చిత్రంలో అతను నిజంగా భయపెడతాడు. ఈజిప్టు శిథిలాల మధ్య రాత్రివేళ చీకట్లోంచి ఆ ముఖం బయటికి వచ్చి, నోరు తెరిచినప్పుడు ఉక్కుపళ్లు తళుక్కుమనడం ఏ వయసువారికైనా గుర్తుండిపోతుంది. వాహనం రేకును కాగితంలా చీల్చేస్తాడు. రైలుగదిలో బాండ్‌ను గోడకు అదిమి మెడ మీదికి నోరు దించబోతే, బాండ్ పగిలిన దీపాన్ని ఆ పళ్లకే తగిలించి కరెంటు షాకు ఇస్తాడు. అయినా జాస్ చావడు. లేచి, దుమ్ము దులుపుకుని, టై సర్దుకుని మళ్లీ నడుస్తాడు.

రెండో చిత్రానికి వచ్చేసరికి భయం పూర్తిగా పోయి నవ్వే మిగులుతుంది. పారాచూట్ లేకుండా ఆకాశం నుంచి పడి సర్కస్ గుడారం మీద దిగుతాడు, రెండు జడల కళ్లద్దాల పిల్లను చూసి మనసు పారేసుకుంటాడు. అతని యజమాని, విలన్ డ్రాక్స్ కట్టబోయే కొత్త లోకంలో లోపం లేని మనుషులకే చోటని బాండ్ వినిపించేలా చెప్పినప్పుడు, జాస్ తన వంక, ఆ పిల్ల వంక చూసుకుని, యజమానికి ఎదురు తిరుగుతాడు. రెండు చిత్రాల్లో కలిపి అతను నోరు విప్పేది చివర్లో ఒకే ఒక్కసారి, అదీ ఆమెతో షాంపేన్ పంచుకుంటూ.

దీన్ని క్షమించనివారు చాలామంది. నాకు మాత్రం ఆ ఎదురు తిరగడం చాలా ఇష్టం. ఆడ్‌జాబ్‌కు ఎన్నడూ తట్టని ప్రశ్న జాస్‌కు తట్టింది. అయితే ఒక హెచ్చరిక: ‘మూన్‌రేకర్’ను ముందు చూస్తే జాస్ ఉత్త జోకరుగా మిగిలిపోతాడు. భయపెట్టిన మనిషి మారడం చూడాలంటే ముందు ‘ది స్పై హూ లవ్డ్ మీ’ చూసి తీరాలి.

ఇదే కోవకు చెందిన మే డే కూడా ఉంది. ‘ఎ వ్యూ టు ఎ కిల్’ (1985)లో గ్రేస్ జోన్స్ పోషించిన ఈ అనుచరురాలు, యజమాని తనను గనిలో చావుకు వదిలేశాడని తెలిశాక, బాంబున్న బండి బ్రేకును తన చేత్తో పట్టుకుని దాన్ని బయటికి తీసుకుపోయి ప్రాణమిస్తుంది. మూర్‌కు అప్పటికి 57 ఏళ్లు. పరుగులన్నీ ఎవరో చేస్తున్నట్టు తెలిసిపోతూనే ఉంటుంది, మే డే కోసమే ఆ చిత్రం చూడవచ్చు.

గోబిందా: ఉదయపూర్‌లో బాండ్

‘ఆక్టోపస్సీ’ (1983) మనవారికి ప్రత్యేకం, ఎందుకంటే చాలా భాగం ఉదయపూర్‌లో తీశారు. విలన్ కమల్‌ఖాన్ పక్కన తలపాగాతో నిలబడే గోబిందా పాత్ర కబీర్ బేడీది. ‘గౌతమిపుత్ర శాతకర్ణి’ (2017)లో నహపానుడిగా మన తెలుగువారు చూసింది ఇతన్నే. బాండ్‌కు సాయపడే విజయ్‌గా మద్రాసులో పుట్టిన టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్ కనిపిస్తాడు. ఆటోలో తరుముకుపోయేటప్పుడు అతను టెన్నిస్ రాకెట్టుతో రౌడీలను కొడుతుంటే, వీధిలోని జనం ఆట చూస్తున్నట్టు తలలు అటూ ఇటూ తిప్పుతారు. ఏడుకొండల కింద కూర్చుని గోబిందా అనే రౌడీని చూడడం ఎంత విచిత్రమో, ఈ దృశ్యానికి నవ్వకుండా ఉండడం అంత కష్టం.

గోబిందా జూదపు పాచికలను పిడికిట్లో నలిపేస్తాడు, ఆడ్‌జాబ్ గోల్ఫ్ బంతికి అది నకలే. కానీ విమానం ఘట్టంలో అతను ఆడ్‌జాబ్‌ను దాటిపోతాడు. గాలిలో ఎగురుతున్న విమానం పైన బాండ్ పట్టుకుని వేలాడుతుంటే, బయటికి వెళ్లి అతని పని పట్టమని కమల్‌ఖాన్ ఆజ్ఞాపిస్తాడు. అంతవరకు దేనికీ జంకని గోబిందా ముఖంలో ఒక్క క్షణం నమ్మలేనితనం కనిపిస్తుంది, బయటికా అన్నట్టు అడుగుతాడు. అయినా వెళతాడు. ఆ ఒక్క చూపుతో కబీర్ బేడీ ఒక కొయ్యబొమ్మకు ప్రాణం పోశాడు.

చిత్రంలోని భారతదేశం మాత్రం పాములవాళ్లు, మేకుల పరుపులు, కత్తులు మింగేవాళ్లతో నిండిపోయి ఉంటుంది. తాజ్‌మహల్ పక్కనే ఉదయపూర్ ఉన్నట్టు చూపిస్తారు, డబ్బు చేతిలో పెడుతూ మన కూరల మీద ఎకసెక్కమాడతారు. దీన్ని అవమానంగా తీసుకునేవారు దూరంగా ఉండడమే మంచిది. తెలియనివాడి అజ్ఞానాన్ని చూసి నవ్వుకోగలిగినవారికి మంచి కాలక్షేపం.

డాల్టన్, బ్రాస్నన్, లేజెన్‌బీ: తొందరగా

టిమొతీ డాల్టన్ చేసినవి రెండే. ‘ది లివింగ్ డేలైట్స్’ (1987)లోని నెక్రోస్‌ను తక్కువగా తలచుకోవడం అన్యాయం. పాలవాడి వేషంలో వచ్చి పేలే పాలసీసాలు విసురుతాడు. సరుకు విమానం వెనక గాలిలో కొట్టుకుంటున్న వల మీద చివరి పోరాటం జరుగుతుంది, బాండ్ బూటు పట్టుకుని వేలాడుతున్న అతని ముందు బాండ్ చేసేదల్లా ఆ బూటు లేసులు కోసేయడమే. ‘లైసెన్స్ టు కిల్’ (1989)లో కత్తిపోటు రాయుడు డారియోగా యువకుడైన బెనీషియో డెల్ టోరో ఉన్నాడు గానీ, రక్తం ఎక్కువ, పిల్లలకు వద్దు.

పియర్స్ బ్రాస్నన్ ‘గోల్డెన్ ఐ’ (1995)లో తొడల మధ్య నలిపి చంపే జీనియా ఒనటాప్ ఉంది. స్నేహితులతో చూడండి, అత్తమామలతో వద్దు. జార్జ్ లేజెన్‌బీ ఒక్కటే చేసిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ (1969)లో ఇర్మా బంట్ అనే ముసలి అనుచరురాలు చివరి నిమిషంలో చేసే పని, ఈ వరుసలో ఏ కండల వీరుడూ బాండ్‌కు చేయలేనంత హాని. ఆమెకు ఆ తర్వాతి చిత్రాల్లో శిక్ష కూడా పడదు.

క్రెయిగ్: అనుచరుడు కరువైన కాలం

‘కాసినో రాయల్’ (2006)కు ముందు జుట్టు రంగు బాగాలేదని క్రెయిగ్‌ను బహిష్కరించాలన్నవారు కూడా ఉన్నారు. చిత్రం వచ్చాక ఆ గొంతులు చాలావరకు సద్దుమణిగాయి. ఇందులో ఉక్కుపళ్లు, టోపీలు లేవు. మొదట్లో బాండ్ తరిమే మనిషి, గోడలో ఉన్న చిన్న సందులోంచి పక్షిలా దూరిపోతే, బాండ్ ఆ గోడనే బద్దలు కొట్టుకుని వస్తాడు. ఈ బాండ్ ఎలాంటివాడో ఆ ఒక్క దెబ్బతో తెలిసిపోతుంది. ఇక విలన్ లె షిఫ్రే ఇతరుల సొమ్ము పోగొట్టి ప్రాణభయంతో వణుకుతున్నవాడు, ఒక రకంగా అతనే ఎవరికో అనుచరుడు. అందుకే పోరాటం జూదపు బల్ల మీదికి మారింది. కుర్చీకి కట్టి హింసించే ఘట్టం ఉంది, చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి.

పాతకాలపు మూగ వస్తాదు ‘స్పెక్టర్’లో హింక్స్‌గా తిరిగి వచ్చాడు. డేవ్ బటిస్టా రైలులో బాండ్‌ను కొట్టే తీరు గ్రాంట్‌ను గుర్తుచేస్తుంది, కానీ హింక్స్ ఎవరో, ఎందుకు కొడుతున్నాడో మనకు తెలియదు కనుక దెబ్బలే మిగులుతాయి.

క్రెయిగ్ చిత్రాలు ఐదూ ఒకే కథ. ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008) ముందరి చిత్రం ఆగినచోటే మొదలవుతుంది, ‘నో టైమ్ టు డై’ ‘స్పెక్టర్’ చూడనివారికి సగమే అర్థమవుతుంది. విడిగా చూడదగినది ‘స్కైఫాల్’ (2012) ఒక్కటే.

| చిత్రం | బాండ్ | అనుచరుడు | నిడివి (నిమిషాలు) | బరువు | ఎవరితో |
|---|---|---|---|---|---|
| ఫ్రమ్ రష్యా విత్ లవ్ | కానరీ | గ్రాంట్ | 115 | చాలా ఎక్కువ | ఒంటరిగా |
| గోల్డ్‌ఫింగర్ | కానరీ | ఆడ్‌జాబ్ | 110 | ఎక్కువ | ఎదిగిన పిల్లలతో, మాట్లాడుకుంటూ |
| ది స్పై హూ లవ్డ్ మీ | మూర్ | జాస్ | 125 | ఎక్కువ, నవ్వుతో | ఇంటిల్లిపాదీ, రిమోట్ చేతిలో పెట్టుకుని |
| ఆక్టోపస్సీ | మూర్ | గోబిందా | 131 | మధ్యస్థం | పాత మిత్రులతో |
| ది లివింగ్ డేలైట్స్ | డాల్టన్ | నెక్రోస్ | 130 | ఎక్కువ | పదేళ్లు దాటిన పిల్లలతో |
| కాసినో రాయల్ | క్రెయిగ్ | చెప్పుకోదగినవాడు లేడు | 144 | చాలా ఎక్కువ | పెద్దలు మాత్రమే |

ఎవరికి ఏది

సాయంత్రం ఇంట్లో అమ్మమ్మ నుంచి మనవడిదాకా అందరూ కూర్చుంటారంటే ‘ది స్పై హూ లవ్డ్ మీ’ పెట్టండి. మాటలు అర్థం కాకపోయినా జాస్ అర్థమవుతాడు, ఒకటి రెండు చోట్ల ముందుకు జరిపితే ఇబ్బంది ఉండదు. కానరీ, మూర్ అభిమానుల తగవు తీర్చవలసిన పరిస్థితి వస్తే తీర్చే ప్రయత్నం మానుకుని, ‘గోల్డ్‌ఫింగర్’, ‘మూన్‌రేకర్’ ఒకదాని వెనక ఒకటి చూపించి, యజమాని చావుకు వదిలేసినప్పుడు ఏ అనుచరుడు చేసింది సబబని అడగండి. నటుల సంగతి మరిచిపోయి దాని మీదే తెల్లవార్లూ కొట్టుకుంటారు.

వారాంతం ఖాళీగా ఉన్న హాస్టలు కుర్రవాళ్లు ‘కాసినో రాయల్’తో మొదలుపెట్టి క్రెయిగ్ వరుస పూర్తి చేయవచ్చు. పాత చిత్రాలు నెమ్మది అని వాళ్లు తీసిపారేస్తారని తెలుసు. అలాంటివారు ‘స్పెక్టర్’లోని రైలు ఘట్టం చూసిన రాత్రే, ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ను మొదటినుంచి చూడాలి. గ్రాంట్ భోజనానికి కూర్చునేదాకా ఆగలేకపోతే, అప్పుడు క్రెయిగే గొప్ప అని వాదించవచ్చు, ఎవరూ కాదనరు.